ముందు చెక్క

మార్చి 5

ఛీ! ఇంతకంటే పెద్ద మాటే నోటికొస్తోంది, రాయడం ఇష్టం లేక ఆగుతున్నాను.

నిన్న శివరాత్రి. మా ఊళ్ళో రామాలయం ముందర టీవీ పెట్టి నేనిచ్చిన డీవీడీ వేశారట. జనవరిలో ఎమ్మిగనూరు జాతరలో మా నాయిన జట్టు ఆడిన చెక్కభజన. మొదటి పాట బాగానే ఉందట. రెండో పాటలో చెక్కలు తగిలాక కాసేపటికి చప్పుడు వచ్చిందట. చివరి పాటకి మనుషులొక చోట, శబ్దం ఇంకో చోట. ఊరంతా పగలబడి నవ్వింది. నవ్వరా మరి? నడుముకు దట్టీ, కాళ్ళకు గజ్జెలు ఎవరైనా కట్టుకుంటారు. అందరి చెక్కలూ ఒక్క దెబ్బగా పడితేనే అది భజన.

అందరికంటే ముందు నిలబడి చెక్క కొట్టేది నాయిన. శేషప్ప గురువు. కాబట్టి ఆ నవ్వంతా ఆయన నెత్తినే పడింది. అది చాలదన్నట్టు జట్టులోని నాగప్ప లేచి, "కర్నూలు ఉత్సవంలో ముందు చెక్క నేను పట్టుకుంటా" అన్నాడట, అందరూ వింటుండగా. వాడికి చెక్క పట్టుకోవడం నేర్పిందెవరు? నాయినే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

ఇవన్నీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "నాయినకియ్యి" అన్నాను. "బయటికి పోయినాడు పాపా" అంది. వెనకాల ఆయన దగ్గు వినిపిస్తూనే ఉంది. నేనూ కిరణూ వీడియో షాపు పెట్టుకుని మకాం ఆదోనికి మార్చినప్పటి నుంచి ఇదే వరస. పోవద్దన్నాడు, వచ్చేశాం, ఆ కోపం. ఊరికి పోతే ఆయనే మాట్లాడతాడు, ఎదుటివాళ్ళను నోరెత్తనివ్వడు. ఫోన్‌లోకి మాత్రం రాడు.

తప్పు నాది. మిక్సింగ్ చేసింది నేను, డిస్కు బర్న్ చేసింది నేను, చివరిదాకా చూడకుండా ఇచ్చింది నేను. నవ్వులపాలైంది ఆయన.


మార్చి 6

జాతర రోజు మా కెమెరా ఆలూరులో పెళ్ళికి పోయింది. అందుకని కిరణ్ ఫోన్‌తో తీశాడు. ఫోన్‌లో చూస్తే సౌండు చక్కగా ఉంది. కంప్యూటర్‌లో చూసినా బాగుంది. డీవీడీ చేస్తేనే జరుగుతోంది. మొదట్లో సరిగ్గా ఉండి, పోయే కొద్దీ వెనకబడుతోంది.

"ఏదో సెట్టింగు తప్పుంటాదిలే. అంత మొగం పెట్టుకోవాల్నా?" అన్నాడు కిరణ్. నా మొగుడికి ఊరు కాలిపోతున్నా ఏదో సెట్టింగే. 

కర్నూలులో జానపద ఉత్సవం పెట్టేవాళ్ళకు డీవీడీయే కావాలట. పెన్‌డ్రైవ్ అంటే వైరస్ అంటారు, వాట్సాప్‌లో పంపుతామంటే వినరు. డిస్కు చూసి జట్లను ఎంచుకుంటారు. నెలాఖరులోపు ఇవ్వాలి. నాయినకు ఇన్నేళ్ళలో కర్నూలు నుంచి పిలుపు రావడం ఇదే మొదటిసారి. ముందు నిలబడి పోవాలా, నాగప్ప వెనకాల నిలబడి పోవాలా అన్నది ఈ డిస్కు మీద ఉంది.


మార్చి 7

మూడు డిస్కులు పాడు చేశాను. అదే జరుగుడు.


మార్చి 8

ఎమ్మిగనూరులో మిక్సింగ్ సెంటర్ నడిపే దావీదన్నకు ఫోన్ చేశాను. అన్నీ విని నవ్వాడు.

"ఫోను ఒక లెక్కగా తీయదు తల్లీ. ఎలుతురుంటే సెకనుకు ఎక్కువ బొమ్మలు తీస్తాది, లేకుంటే తక్కువ తీస్తాది. డీవీడీకి సెకనుకు ఇరవై అయిదే కావాల. నువ్వు నేరుగా డిస్కు చేస్తే బొమ్మలు ఒక దోవ, సౌండు ఒక దోవ పోతాండాయి. ముందు ఫైలును ఇరవై అయిదుకు సమానం చేసుకో. సౌండును గూడా డీవీడీ లెక్కకు మార్చుకో. ఆ మీదట బర్న్ చెయ్యి."

ఇంతేనా! ఇంత చిన్నదానికా మా నాయిన పరువు పోయింది? దావీదన్న కాళ్ళు మొక్కాలనిపించింది. ఫైలు మార్చడానికి పెట్టాను. కంప్యూటర్ ముసలి ఎద్దు, కదలదు. మధ్యలో అనురాధ అని ఒకామె వచ్చి, కూతురి పెళ్ళి వీడియోలో అప్పగింతలప్పుడు తన ఏడుపు మరీ గట్టిగా ఉందట, దాని మీద పాట వేయమంది. వేస్తానన్నాను. ఈ రోజు ఎవరేమడిగినా చేస్తాను.


మార్చి 9

కుదిరింది! మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఒక్క చోట కూడా జరగలేదు. పాడేవాడి పెదవులు, హార్మోనియం, మద్దెల, చెక్కలు అన్నీ కలిశాయి. కిరణ్‌కు చూపించాను. "శెభాష్" అని, టీ తెచ్చిచ్చాడు.

టీ తాగుతూ రెండోసారి చూశాను. రెండో పాటలో అందరి చెక్కలూ చప్పుడుతో పడుతున్నాయి. ముందున్న నాయిన చెక్క మాత్రం రవ్వంత వెనక పడుతోంది.

కన్ను అలిసిపోయుంటుంది. రేపు చూస్తాను.


మార్చి 10

కన్ను అలిసిపోలేదు. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ వేశాను. అదే.


మార్చి 11

కిరణ్‌తో జగడం. జగడానికి కారణం సాంబారులో ఉప్పు అని ఆయన అనుకుంటున్నాడు, అనుకోనీ.

"సౌండు జరిగింటే అందరికీ జరుగుతాది గదనే. ఒక్క మామకే యట్ల జరుగుతాది?" అన్నాడు.

ఫ్రేములో ముందున్న మనిషి వేరే, వెనకున్న వాళ్ళు వేరే అని ఏదో చెప్పాను. నేను చెప్పింది నాకే అర్థం కాలేదు. దావీదన్నకు ఫోన్ చేస్తే ఆయనా అదే మాట. "ఫైలు తప్పయితే పోయే కొద్దీ పెరుగుతాది తల్లీ. ఒక చోట ఉండి, ఒక చోట లేదంటే అది ఫైలు తప్పు కాదు."

కస్టమర్ వచ్చిందని అబద్ధం చెప్పి పెట్టేశాను. వీళ్ళందరికీ మా నాయిన అంటే లోకువ.


మార్చి 12

దారి దొరికింది.

చిన్నప్పుడు నాయిన నేర్పేటప్పుడు వినేదాన్ని. చెక్కభజనలో గురువు చెక్కే తాళం. గురువు దెబ్బతో కలవకపోతే తప్పు మిగతా వాళ్ళదే, గురువుది కాదు. పాట కూడా ఆయన చెక్క వెంటే నడవాలి. అలాంటప్పుడు నేను సౌండును ఎవరి చెక్కకు కలపాలి? గురువు చెక్కకే కదా! ఇన్ని రోజులూ పన్నెండు మందికి కలుపుతూ కూర్చున్నాను, బుద్ధి లేకుండా.

నాయిన వెనకబడిన ప్రతి చోటా సౌండును కోసి కొంచెం వెనక్కి జరిపాను. ఆయన చెక్క పడుతుంది, చప్పుడు అప్పుడే వస్తుంది. చూడముచ్చటగా ఉంది. మిగతా వాళ్ళు తొందరపడినట్టు కనిపిస్తారు. కనిపించనీ. ముఖ్యంగా నాగప్ప తొందరపడినట్టు కనిపిస్తాడు. వాడికి కావలసిందే.

కిరణ్ వెనక నిలబడి చూశాడు. 

"మద్దెల మీద చెయ్యి పడినాక ఎప్పుడో సప్పుడు వస్తాందే యశోదా."

"మద్దెలను ఎవురు సూస్తారు?"

"నేను సూస్తి గదా."


మార్చి 13

ఆ డిస్కు బర్న్ చేశాను. కవర్ మీద పేరు కూడా రాశాను. ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. రేపు కొరియర్ చేస్తాను.


మార్చి 14

కొరియర్ చేయలేదు.

ఊరికే, కోసిన చోట్లన్నీ వరసగా ఒకసారి చూశాను. అన్నిటిలో నాయిన ఒకలాగే ఉన్నాడు. వలయం తిరిగి, మద్దెల వాయించేవాడికి ఆయన వీపు వచ్చిన చోట్లే అవన్నీ. ఆయన మొహం మద్దెల వైపు ఉన్నప్పుడు వెంట్రుకవాసి కూడా తేడా లేదు. వీపు తిరగ్గానే వెనకబడతాడు. మళ్ళీ మొహం తిరగ్గానే అందుకుంటాడు.

వయసు మీద పడింది. అంతే. కాళ్ళు నొప్పులుంటాయి.

కాళ్ళ నొప్పులు వీపు తిరిగినప్పుడే వస్తాయా?

షాపు మూసి ఇంటికొచ్చేశాను. వంట చేయలేదు. కిరణ్ బయటి నుంచి ఉగ్గాని, బజ్జీ తెచ్చాడు.


మార్చి 17, ఆదివారం

ఊరికి పోయి వచ్చాను. కౌతాళం దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. ఆటోలో పక్కనున్నామె దోవ పొడుగునా కన్నడంలో కోడలిని తిడుతూనే ఉంది, నా చెవికి ఒక్క మాటా ఎక్కలేదు. సంచిలో రెండు డిస్కులున్నాయి. ఒకటి నిజంది. ఒకటి నేను జరిపింది. ఏది వేస్తానో నాకే తెలియదు.

నాయిన నన్ను చూసి సంతోషంగా లేచాడు. ఎప్పటిలాగే ఆయనే మాట్లాడాడు. మిరప ధర, కాలువలో నీళ్ళు, పక్కింటివాళ్ళ ఎద్దు. నేను మధ్యలో ఏదో అడిగితే దానికి జవాబు చెప్పకుండా ఇంకో సంగతి ఎత్తుకున్నాడు. ఎప్పుడూ అంతే కదా. ఎప్పుడూ అంతే అనుకున్నాను కదా.

చేతికి జరిపిన డిస్కే వచ్చింది. అదే పెట్టాను. వైర్లు తగిలించేది నేనే. పసుపుది బొమ్మకు, తెల్లదీ ఎర్రదీ సౌండుకు. పసుపుది పెట్టగానే తెర మీద బొమ్మ వచ్చేసింది. మిగతా రెండూ ఇంకా నా చేతిలోనే ఉన్నాయి. టీవీ వెనక దుమ్ములో వాటి రంధ్రాలు వెతుక్కుంటున్నాను. నాయిన మంచం మీద ముందుకు వంగి కూర్చుని, తొడ మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు.

"ఆఁ! ఇప్పుడు పడినాది సూడు పాపా! సప్పుడు సక్కగా పడతాంది. మొన్నది మిషన్ తప్పే. నేను అప్పుడే అనుకుంటి."

ఇంట్లో చప్పుడనేదే లేదు. పెరట్లో కోళ్ళు అరుస్తున్నాయి, అంతే. రోట్లో పచ్చిమిరపకాయలు నూరుతున్న అమ్మ చెయ్యి ఆపేసి నా వైపు చూసింది. నేను ఆ వైర్లు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. తర్వాత వాటిని పెట్టేశాను. సౌండు వచ్చింది. నాయిన మొహంలో ఏ మార్పూ లేదు.

"అవును నాయినా, మిషన్ తప్పే" అన్నాను. ఆయన తెర మీది నుంచి కన్ను తిప్పలేదు.

అమ్మ నన్ను పెరట్లోకి లాక్కుపోయింది. 

"ఎప్పుటి నుంచి?" అన్నాను.

"మీరు ఆదోనికి పోయిన ఏడు సానా జరమొచ్చె సూడు, ఆ తర్వాత నుంచి. మొదులు ఒక సెవి. ఇప్పుడు రెండూ. ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడితే కొంచెం తెలుస్తాది. పెదాలు సూసి కొంచెం."

"ఫోన్‌లో?"

"ఫోన్‌లో ఏమి ఇనపడదంట. గుయ్యిమంటాదంట. నువ్వు చేసినప్పుడంతా పక్కనే కూసోని, పాప ఏమంటాంది, పాప ఏమంటాంది అని నన్ను పీక్క తింటాడు."

"నాకెందుకు సెప్పలేదమ్మా?"

"సెప్పొద్దని ఒట్టేయించుకున్యాడు. సెవిటోడు గురువేంది, తాళమేంది అంటారని. డాక్టరు కాడికి రమ్మంటే, సెవి మిషన్ పెట్టుకోని ఎవురి ముందర నిలబడల్ల అంటాడు. ఆ ముందు చెక్క ఒకటి లేకపోతే ఆ మనిషి బతకడు పాపా. నువ్వు గమ్మునుండు. నీ పుణ్యముంటాది."

సౌండు మీద బతికేదాన్ని నేను. పెళ్ళికూతురి గాజుల చప్పుడు ఎక్కడ తగ్గిందో కళ్ళు మూసుకుని చెప్తాను. కన్నతండ్రికి వినపడటం లేదని తెలుసుకోలేకపోయాను. కోపం అనుకున్నాను. పంతం అనుకున్నాను. నాకూ పంతమే వచ్చి, ఒక్కోసారి కావాలని పది రోజులు ఫోన్ చేయలేదు. ఆ పది రోజులూ ఆయన అమ్మను అడుగుతూ ఉండుంటాడు.

బస్సులో ఏడ్చాను. పక్కవాళ్ళు ఏమనుకుంటే నాకేం.


మార్చి 18

కిరణ్‌కు చెప్పాను. "నాకు అనుమానముండె" అన్నాడు. అనుమానముంటే చెప్పొద్దా! ఆయన్నే తిట్టాను.


మార్చి 19

నాగప్ప షాపుకు వచ్చాడు. మార్కెట్ యార్డుకు పత్తి తెచ్చాడట. నేను ఎదురుచూస్తున్నది ఇలాంటి మనిషి కోసమే.

"ఏమప్పా, ముందు చెక్క పట్టుకునే మొగోడా! ఈడికెందుకొచ్చినావు?"

"తిట్టక్కా. తిట్టినాక సెప్తా." స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నేను తిట్టాను. బాగానే తిట్టాను. తలొంచుకుని విని, చివరికి అన్నాడు, "గురువుకు ఇనపడదు అక్కా."

నేనూ ఇంకో స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"నీకు తెల్సా?"

"జట్టుకంతా తెల్సు. మన ఊళ్ళో మద్దెల ఆంజనేయులన్నది గదా. ఆయప్ప గురువు చెక్కను సూసి వాయిస్తాడు. గురువు చెక్కే తాళం గదా మనకు. గురువు ఆగితే ఆయప్పా ఆగుతాడు, గురువు చెక్క పడితే అప్పుడు దెబ్బ ఏస్తాడు. మేము మద్దెల ఎంట పోతాము. అంతా ఒకటే పడతాది, బయటోనికి తెలీదు. ఎమ్మిగనూరు జాతరకు ఆంజనేయులన్నకు కామెర్లని బయటోన్ని పిలుచుకుంటిమి. వాడు తన తాళం తను వాయించుకుంటా పాయ. గురువు మొగం ఇట్లున్నప్పుడు వాని చెయ్యి సూసి అందుకున్యాడు. తిరిగినప్పుడు ఏం సూస్తాడు?"

"అయితే నువ్వు ముందు నిలబడతాననేదేంది, ఊరంతా వింటాంటే?"

"కర్నూలులో అన్ని జట్లకూ ఉత్సవం వాండ్ల వాయిద్యగాళ్ళే వాయిస్తారంట అక్కా. అంత పెద్ద సభలో, గురువు ఒక్కడే వెనకబడి, అందరూ నవ్వితే? ఊళ్ళో నవ్వితేనే ఆయప్ప మొగం సూడలేకపోతి. అందుకే నేనుంటానంటి. అందరి ముందర అనింది తప్పే. బుద్ధి లేక అంటి."

వాడికి టీ ఇప్పించాను. ఇద్దరం కలిసి ఒక ఉపాయం చేశాం. ఆదివారం మా ఊళ్ళోనే, రామాలయం ముందర మళ్ళీ ఆడటం. మద్దెల ఆంజనేయులన్న. కెమెరా కిరణ్. సౌండు సమానంగా వస్తుంది, నాయిన ముందుంటాడు, ఎవరికీ ఏమీ తెలియదు. 

"మరి ఎంచుకుంటే, కర్నూలులో?" అన్నాడు నాగప్ప.

"అది తర్వాత సూద్దాంలే" అన్నాను.


మార్చి 21

తర్వాత చూద్దాం, తర్వాత చూద్దాం. ఇంట్లో ఒక చోట కూర్చోలేకపోతున్నాను. పెళ్ళి ఆల్బం ఒకటి తప్పుగా కట్టి, మొత్తం ఊడదీసి మళ్ళీ కట్టాను. అమ్మకు ఫోన్ చేసి, నేను చెప్పేవన్నీ నాయినకు ఎదురుగా నిలబడి చెప్పమన్నాను. అమ్మ ఫోన్ పక్కన పెట్టి, "పాప సోమారం నుంచి సరిగ్గా తింటాండాదంట" అని అరుస్తుంటే వినిపించింది. నేను అలా చెప్పలేదు. అమ్మే కల్పించింది.

నేను చేస్తున్నది తప్పు కాదు. ఆంజనేయులన్న చేస్తున్నదే నేనూ చేస్తున్నాను.


మార్చి 24, ఆదివారం

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఎండ ఎక్కకముందే అందరూ వచ్చారు. దట్టీలు, గజ్జెలు కట్టుకున్నారు. ఊళ్ళోవాళ్ళు అరుగుల మీద కూర్చున్నారు. నాయిన నన్ను పిలిచాడు.

"పాపా, మిషన్ తప్పు సరిచేసినావు గదా. నేనే సూస్తిని, సక్కగుండె. మల్లా ఆడేదెందుకు?"

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోనే లేదు. ఎదురుగా నిలబడి, నోరు పెద్దగా తెరిచి, "పెద్ద కెమెరాతో తీస్తే ఇంకా బాగుంటాది నాయినా" అన్నాను. నా పెదాలే చూశాడు. తర్వాత నా కళ్ళు చూశాడు. పోయి ముందు నిలబడ్డాడు.

కిరణ్ కెమెరా నడిపాడు. నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని సౌండు చూసుకుంటున్నాను. మొదటి పాట అయింది. ఎంత బాగా పడిందో! వలయం తిరిగినా, వీపు వచ్చినా, పన్నెండు చెక్కలూ ఒక్క దెబ్బ. ఆంజనేయులన్న కన్ను నాయిన చేతి మీది నుంచి కదల్లేదు. నాయిన వెనకబడ్డాడా లేదా అని కనిపెట్టడం దేవుడికి కూడా కుదరదు. నాకు నవ్వొచ్చింది, సంతోషంతో.

రెండో పాట మధ్యలో నాయిన మద్దెల వైపు తిరిగాడు. చెక్క పైకెత్తాడు. దించలేదు.

చెక్క అలాగే గాలిలో పట్టుకుని ఆంజనేయులన్న వైపు చూస్తున్నాడు. ఆంజనేయులన్న అరచెయ్యి మద్దెల మీద జానెడు ఎత్తులో ఆగిపోయింది. దెబ్బ వేయడు. వేయలేడు. నా హెడ్‌ఫోన్‌లో పాడేవాడి గొంతు ఒక్కటే కాస్త దూరం పోయి, అదీ ఆగింది. జట్టంతా ఆగింది.

నాయిన చెక్కను మెల్లగా కిందికి దించాడు, కొట్టకుండానే.

"ఎన్నాళ్ళ నుంచిరా ఆంజనేయులూ?"

ఆంజనేయులన్న మద్దెల మీద చేతులు పెట్టుకుని తల దించుకున్నాడు. నాగప్ప ముందుకొచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "సానా దినాల నుంచి గురువా" అన్నాడు, ఒక్కో మాటా విడదీసి.

"అందురికీ తెల్సునా?"

"తెల్సు."

"తెల్సి నవ్వుకుంటాంటిరా?"

"లేదు గురువా! నీ కోసం ఆగుతాంటిమి. అంతే."

నాయినకు ఇది వినపడింది. లేదా కనబడింది. చెంపదెబ్బ తిన్నట్టు మొహం పెట్టాడు. నవ్వుకున్నాం అని ఉంటే ఇంత బాధపడేవాడు కాదేమో.

"తాళం ఎవురి కోసరమూ ఆగగూడదురా" అన్నాడు. "నాకోసరం ఆపితిరా? ఇన్ని దినాలు గురువు గురువు అని నా ఎనక పోతాండారనుకుంటి. మీరు నన్ను మోసుకోని పోతాంటిరా?"

అమ్మ అరుగు మీది నుంచి లేచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కిరణ్ కెమెరా ఆపబోయాడు. నాయిన చూశాడు.

"ఆపొద్దు అల్లుడా. పాపా, తీస్తాండావా? తియ్యి." కెమెరా ముందుకొచ్చి నిలబడ్డాడు. దట్టీ సర్దుకున్నాడు. "నా పేరు శేషప్ప. నాకు ఇనపడదు. ఈ జట్టుకు ఈ పొద్దు నుంచి ముందు చెక్క నాగప్పది. నేను సెప్పినదంతా వాడు నేర్చుకున్యాడు. నేను కడాకు ఉంటాను. తప్పు పోతే నాది, జట్టుది కాదు." 

తర్వాత వలయంలో చివరికి పోయి నిలబడ్డాడు, కొత్తగా నేర్చుకునేవాళ్ళు నిలబడే చోట. నాగప్ప కదల్లేదు. మొహమంతా కన్నీళ్ళు. నాయిన కేక వేశాడు, "ముందుకు పోరా!" ఆ కేక రామాలయం గోడకు తగిలి తిరిగొచ్చింది. ఆయనకు అదీ వినపడి ఉండదు.

నాగప్ప ముందుకు పోయాడు. ఆంజనేయులన్న ఈసారి ఎవరి చేతినీ చూడకుండా వాయించాడు. నాయిన తనకు ముందున్న మనిషి భుజాలనే చూస్తూ ఆడాడు. రెండుసార్లు తప్పాడు. తప్పినప్పుడు మధ్యలో అందుకోలేదు. చెక్క ఆపి, దెబ్బ చూసుకుని, మళ్ళీ కలిపాడు.

మేం బయల్దేరేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి, "ఆ సెవి డాక్టరు యాడుంటాడు, ఆదోనిలోనా?" అని అడిగాడు. అవునని తలూపాను.


మార్చి 25

కిరణ్ అంటాడు, నాయిన మాట్లాడింది కోసేసి భజన మాత్రం పంపుదామని. "వాండ్లకెందుకు మన ఇంటి సంగతి?"

అమ్మతో అడిగించాను. నాయిన జవాబు అమ్మ నోట వచ్చింది. "అదే ముందర పెట్టమంటాండాడు. అది లేకుంటే కర్నూలుకు రానంటాడు."


మార్చి 27

కర్నూలు డిస్కు ఈ రోజు పంపాలి.

ముందు నాయిన మాటలు, తర్వాత నాగప్ప జట్టు. ఈసారి ఫోన్ ఫైలు కాదు, అన్నీ సమానంగానే ఉన్నాయి. అయినా డీవీడీ చేసి మొదటి నుంచి చూశాను. నా పని అదే కదా, పెదవులకు మాట కలిసిందా లేదా అని చూడటం. "నాకు ఇనపడదు" దగ్గర ఆపి, వెనక్కి పోయి, మళ్ళీ వేశాను. ఆయన పెదవులు, ఆయన మాట. మళ్ళీ వేశాను. కిరణ్ టీ తెచ్చి పక్కన పెట్టి పోయాడు.

ఒక్క చోటైనా జరిగుంటే బాగుండు, పెదవులొకటి అంటే సౌండు ఇంకొకటి అంటే, ఇది ఆయన అనలేదు, మిషన్ తప్పు అని నేనే ఊరంతా తిరిగి చెప్పుకునేదాన్ని. సాయంత్రం దాకా వెతికాను. ఎక్కడా జరగలేదు.